బెల్లంపాకంలో పేలదువ్వెన

మా జువాలజీ మేడమ్ చనిపోయారన్న సంగతి నాకు ఒక ఫ్లెక్సీ చెప్పింది.

నరసరావుపేటలో నేను డిగ్రీ కాలేజీకి నడిచివెళ్లే దారిలో ఒక పెద్ద ఇనప చట్రం ఉంది. నేను ఇంటర్ చదివిన ప్రైవేటు కాలేజీ వాళ్లది. ఏడాది పొడుగునా అందులో ర్యాంకులొచ్చిన పిల్లల ముఖాలే ఉంటాయి. ఆ ఉదయం వాళ్లెవరూ లేరు. మేడమ్ ఉన్నారు. ఐడీ కార్డు కోసం తీసిన చిన్న ఫొటోను గోడంత చేశారేమో, కళ్లూ బొట్టూ అలుక్కుపోయి, ఎవరినో చూసి మేడమ్ అనుకుంటున్నానా అనిపించింది. ముఖానికి పైన ‘అశ్రునివాళి’ అని, కింద ‘క్రమశిక్షణకు మారుపేరు’ అని రాశారు. పాత ఫ్లెక్సీ డిజైన్‌లోంచి తీసేయడం మరిచిపోయారో, తీయడం ఎందుకనుకున్నారో, అట్టడుగున ‘అడ్మిషన్లు జరుగుచున్నవి’ అన్న ఎర్రపట్టీ అలాగే ఉంది.

ఏడుపు వెంటనే రాలేదు. ‘మారుపేరు’ అన్న మాటను చూస్తూ నిలబడిపోయాను. మేడమ్ పక్కన ఉంటే, “మారుపేరు సరే, అసలు పేరేందో కనుక్కుని రాపో” అనేవారు.

ఇంటర్‌లో నా పక్క బెంచీలో కూర్చున్న అమ్మాయికి ఫోన్ చేశాను. తనకు ముందే తెలుసు. “గుంటూరు ఆస్పత్రిలో పోయారంట. నిన్ననే రాజుపాలెం దగ్గర వాళ్ల ఊరికి తీసుకెళ్లి అన్నీ కానిచ్చేశారంట. నీకెవరూ చెప్పలేదా?” అంది. చెప్పలేదు. నాకే కాదు, ఆమె దగ్గర చదువుకున్న చాలామందికి ఎవరూ చెప్పలేదు. అందరికీ ఆ ఇనప చట్రమే చెప్పింది.

చదివే మీలో ఎవరూ ఆమెను ఎరిగి ఉండరు. ఆమె పుస్తకం రాయలేదు, అవార్డు అందుకోలేదు. కోపం తగ్గాక రాయమని మా డిగ్రీ కాలేజీ తెలుగు మాస్టారు సలహా ఇచ్చారు. తగ్గేదాకా ఆగితే ఆ ఫ్లెక్సీ మీద ఉన్నలాంటి మాటలే నేనూ రాస్తానేమోనని భయం వేసింది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

మేడమ్‌ను నేను మొదట చూసింది క్లాసులో కాదు, మెట్ల మీద. ఆ కాలేజీ అయిదంతస్తుల మేడ. లిఫ్టు ఉంది. అది అడ్మిషన్‌కు వచ్చే తల్లిదండ్రుల కోసం. మేమూ లెక్చరర్లూ మెట్లెక్కాలి. రెండో అంతస్తు మలుపులో ఒకావిడ గోడకు ఆనుకుని కూర్చుని, ఒడిలో చాక్‌పీసుల డబ్బా పెట్టుకుని, కళ్లు మూసుకుని ఊపిరి పీల్చుకుంటోంది. మేము కంగారుపడి ఆగాం. ఆమె కళ్లు తెరవకుండానే, “మీరు పదండమ్మా. నేను ముందొచ్చేశా, నా గుండె ఇంకా కింద మెట్ల కాడే ఉంది. అదొచ్చాక ఇద్దరం కలిసి వస్తాం” అన్నారు.

చిన్నప్పుడు కీళ్లజ్వరం వచ్చి, సరైన మందు పడక, ఆమె గుండె కవాటం ఒకటి దెబ్బతిందని తరవాత తెలిసింది. ఆమె దాన్ని జబ్బు అనేవారు కాదు. “నా గుండెలో ఒక తలుపు సరిగ్గా మూసుకోదు. వెళ్లిన రక్తం మళ్లీ వెనక్కొచ్చి పలకరిస్తది” అనేవారు. క్లాసులో మానవ హృదయం పాఠం చెబుతున్నప్పుడు బోర్డు మీద బొమ్మ గీసి, ఒక తలుపును కొంచెం వంకరగా వేసి, “ఇది నాది. మీరు పరీక్షలో వెయ్యబాకండి, మార్కులు పోతాయి” అన్నారు. అందరం నవ్వాం. ఆమె ఇంకా ఎక్కువ నవ్వారు.

మిరప, పత్తి వేసుకునే ఇంట్లో పుట్టిన మనిషి. తండ్రి లేడు. అమ్మ కూలికి పోయి చదివించింది. విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చేసి, ఆపైన అక్కడే కొంతకాలం సముద్రపు ప్రాణుల మీద పరిశోధన చేశారు. ఆరోగ్యం కుదరక, అమ్మ ఒంటరిగా ఉండలేక, మధ్యలో వదిలేసి వెనక్కి వచ్చారు. సముద్రం వదిలేసి వచ్చినా, అక్కడ తాను చూసిన ఒక్క ప్రాణిని మాత్రం వెంట తెచ్చుకున్నారు. దాని పేరు కోపిపోడ్.

రొయ్యకూ పీతకూ దూరపు చుట్టం అది. ఉప్పునీళ్లలో లెక్కలేనన్ని తేలుతుంటాయి. చాలావరకు బియ్యపు నూక కన్నా చిన్నవి. నీళ్లలో పెరిగే, కంటికి కనపడని పచ్చని నాచుకణాలను అవి తింటాయి. వాటిని చేపపిల్లలు తింటాయి. ఆ చేపల్ని మనం తింటాం. మా సిలబస్‌లో వీటి వంతు ఒకటి రెండు వాక్యాలు. కాలేజీ వాళ్లు అచ్చేసి ఇచ్చే బిట్ల పుస్తకాన్ని అక్కడ అందరూ ‘మెటీరియల్’ అంటారు. అందులో ఒకే బిట్టు. కోపిపోడ్ తన కాళ్ల మీది వెంట్రుకలతో నీటిని జల్లెడ పట్టి ఆహారం సేకరిస్తుంది. అంతే. చదవడానికి అరనిమిషం.

మేడమ్ ఆ అరనిమిషానికి ఒక గంట తీసుకున్నారు.

ఆ రోజు భోజనం క్యారేజీ కాకుండా ఇంకో క్యారేజీ పట్టుకుని క్లాసుకొచ్చారు. ఒక గిన్నెలో నీళ్లు. ఇంకో గిన్నెలో ఇంట్లో కాచి తెచ్చిన చిక్కటి బెల్లంపాకం. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఒక పేలదువ్వెన తీసి బల్ల మీద పెట్టారు. దువ్వెన చూడగానే వెనక బెంచీలోంచి ఒకమ్మాయి, “మేడమ్, నా తల్లో లేవు మేడమ్! దీని తల్లో చూడండి!” అని పక్కదాన్ని ముందుకు తోసింది.

“ఆగవే. ముందు ఈ గిన్నెలకు చూద్దాం” అని మేడమ్ రెండు గిన్నెల్లోనూ చిటికెడు గసగసాలు చల్లారు. మమ్మల్ని బల్ల చుట్టూ నిలబడమన్నారు. దువ్వెనను నీళ్ల గిన్నెలో ఈ అంచు నుంచి ఆ అంచుకు లాగారు. నీళ్లు పళ్ల సందుల్లోంచి వెళ్లిపోయాయి, గసగసాలు కొన్ని దువ్వెనకు అంటుకున్నాయి. తరవాత అదే దువ్వెనను పాకంలో ముంచి లాగారు. పాకం సందుల్లోంచి దూరలేదు. దువ్వెనతోపాటే ముద్దగా జరిగింది. ముందున్న గసగసాలు పాకంతో కలిసి పక్కకు తప్పుకుని అంచులెంట వెనక్కిపోయాయి.

“ఏమైంది?”

“దువ్వెన తెడ్డయింది మేడమ్.”

“అదీ. ఇప్పుడు చెప్పండి, జల్లెడ అని రాసినాయనకు ఏం తెలీలేదు?”

మాకూ తెలీలేదు. ఆమే చెప్పారు. మనంత మనుషులకు నీళ్లు నీళ్లే. నూకంత ప్రాణికి, దాని కాలి మీది వెంట్రుకకు, అవే నీళ్లు పాకంలా చిక్కగా తగులుతాయి. నీళ్లేమీ మారవు, ప్రాణి చిన్నదయ్యేకొద్దీ వాటి పట్టు పెరుగుతుంది. అంత చిక్కటి దాన్ని అంత సన్నటి సందుల్లోంచి ఊరికే తోసి జల్లెడ పట్టడం దాని వల్ల కాదు. మరి ఎలా తింటుంది? చానాకాలం చదువుకున్నవాళ్లంతా జల్లెడే అనుకున్నారట. తరవాత ఎవరో ఒక కోపిపోడ్‌ను సన్నటి వెంట్రుక చివర బంకతో అతికించి కదలకుండా నిలబెట్టి, చాలా వేగంగా తీసే కెమెరాతో సినిమా తీసి, నెమ్మదిగా తిప్పి చూశారు. ఆ సినిమాను మేడమ్ విశాఖలో చూశారు. మొదటిసారి చూసినప్పుడు లేచి నిలబడ్డారట.

మా ముందు కూడా లేచి నిలబడే చేసి చూపించారు. మోచేతుల్ని పొట్టకు ఆనించి వేళ్లు ఆడించారు. కోపిపోడ్ కాళ్లు ఇలా కొట్టుకుంటూ ముందున్న నీళ్లను తన వైపు మెల్లగా రప్పించుకుంటాయి. ఆ నీళ్లతోపాటు ఒక నాచుకణం వస్తోందనుకోండి. కణం కన్నా ముందు దాని వాసన వచ్చి తగులుతుంది. వాసన తగలగానే అది కొంచెం పక్కకు తిరుగుతుంది. నోటి దగ్గరున్న రెండు వెంట్రుకల చేతుల్ని చటుక్కున తెరుస్తుంది. తెరిచిన చోటులోకి నీళ్లు దూసుకొస్తాయి, వాటితో కణమూ వస్తుంది. చేతులు మూస్తుంది. నీళ్లు వెంట్రుకల సందుల్లోంచి పిండుకుని బయటికి పోతాయి. కణం మిగులుతుంది. మరీ చిన్న కణాలైతే ఇంత శ్రద్ధగా ఏరదు, వచ్చినవి వచ్చినట్టు తీసుకుంటుంది. కాస్త పెద్దదైతే మాత్రం దానికోసమని చేతులు తెరుస్తుంది.

“ఇప్పుడు దీన్ని తెలుగులో ఒక్క మాటలో చెప్పండి” అన్నారు.

ఇంగ్లీషు మీడియం క్లాసులో తెలుగు మాట అడిగిన లెక్చరర్ ఇంకొకరు లేరు. మేము తలా ఒకటి అన్నాం. వడకట్టడం. “అదీ జల్లెడే కదే.” ఏరుకోవడం. “దగ్గరికొచ్చావు. ఏరుకునేటప్పుడు నీళ్లు పట్టుకోం కదా?” గాలం వెయ్యడం అని ఒకమ్మాయి అంటే మేడమ్ కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు.

మా ఇంట్లో నమాజుకు ముందు మా అబ్బా పెరట్లో పంపు కింద చేతులు పట్టడం, నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారిపోవడం నాకు గుర్తొచ్చింది. “దోసిలి పట్టడం, మేడమ్” అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. “మళ్లీ అను.”

“దోసిలి.”

ఆమె బోర్డు వైపు తిరిగి, పైన ఇంగ్లీషులో ఉన్నదంతా అలాగే ఉంచి, మధ్యలో తెలుగులో పెద్దక్షరాలతో ‘దోసిలి’ అని రాశారు. రాసి దాన్నే చూస్తూ ఉండిపోయారు. “నేను విశాఖలో అన్నాళ్లు దీన్ని చూశాను. నాకు ఈ మాట దొరకలేదు” అని, నా వైపు తిరిగి, “మాట దొరికిందంటే నీకు సంగతి దొరికినట్టే. గుర్తుపెట్టుకో” అన్నారు.

నేను మాటలతో ప్రేమలో పడింది ఆ గంటలోనే. ఆ మరునాడు క్లాసు నిండా చీమలు పట్టాయని అటెండరు చేసిన ఫిర్యాదు మీద మేడమ్‌కు మెమో వచ్చింది.

చీమలతో పోయుంటే బాగుండేది.

కొన్నాళ్లకు కాలేజీ బ్రాంచీలన్నిటికీ కలిపి పెట్టే పెద్ద పరీక్షలో ఆ కోపిపోడ్ బిట్టే వచ్చింది. ఒక ఆప్షన్‌లో జల్లెడ ఉంది. ఇంకో ఆప్షన్‌లో, ఒక్కొక్క కణాన్ని పసిగట్టి నీటితో సహా పట్టుకుంటుందని ఉంది. మా సెక్షన్‌లో ఇంచుమించు అందరం రెండోదే పెట్టాం. పెట్టి, ఒకరి వంక ఒకరం చూసుకుని నవ్వుకున్నాం. జవాబుల కీలో జల్లెడ అని వచ్చింది. మార్కు రాకపోగా ఉన్న మార్కు తెగింది. ఆ ఒక్క బిట్టుతో మా సెక్షన్ వేరే ఊరి బ్రాంచీ కన్నా కిందికి పోయింది.

డీన్ సార్ మేడమ్‌ను మా క్లాసు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారు. మాకు వినిపించాలనే అలా మాట్లాడారనుకుంటాను.

“జల్లెడ కాదని మీకెవరు చెప్పారు మేడమ్?”

“నేను చూశాను సార్.”

“ఏం చూశారు?”

“కోపిపోడ్ తింటుంటే చూశాను.”

“మేడమ్, కీ మనకు హెడ్డాఫీసు నుంచొస్తది. సముద్రం నుంచి రాదు. లోపలికెళ్లి పిల్లలకు ఒక్క ముక్క చెప్పండి. నేను చెప్పింది తప్పు, కీ కరెక్టు అని. అయిపోద్ది.”

మేడమ్ లోపలికొచ్చారు. డీన్ సార్ గుమ్మంలోనే ఉన్నారు. మందులకూ ఇంటికీ ఆ ఉద్యోగం ఆమెకు ఎంత అవసరమో మాకు తెలుసు. ఒప్పేసుకోండి మేడమ్, మాకు తెలుసుగా అని నేను లోలోపల బతిమాలుకుంటున్నాను. ఆమె బల్ల పట్టుకుని కాసేపు ఊపిరి కూడదీసుకున్నారు.

“పరీక్షలో ఈ బిట్టు మళ్లీ వస్తే కీలో ఉన్నదే పెట్టండి. మార్కు మీకు అవసరం” అన్నారు. డీన్ సార్ తల ఊపారు. ఆమె ఇంకా అయిపోలేదన్నట్టు చెయ్యెత్తారు. “పెట్టండి. నమ్మొద్దు.”

మరుసటి వారం మాకు జువాలజీకి కొత్త సార్ వచ్చారు. మెటీరియల్ పైకి చదివి, ఆన్సర్ల కింద గీతలు గీయించేవారు. మేడమ్‌ను అయిదో అంతస్తులో స్టడీ అవర్స్‌కు వేశారు. పాఠం చెప్పకూడదు, డౌట్లు తీర్చకూడదు. తలుపు పక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పిల్లలు నిద్రపోకుండా చూడాలి. గుండెలో తలుపు మూసుకోని మనిషికి మేడలో అన్నిటికన్నా ఎత్తయిన గది ఇచ్చారు. ఇది కావాలని చేశారా అంటే నాకు తెలీదు. ఆలోచించకుండా చేశారేమో. ఆలోచించకపోవడం అంతకన్నా మేలని నేను అనుకోను.

ఆ హాల్లో నాలుగు మూలలా కెమెరాలు. మాట్లాడితే కింద తెర మీద కనపడుతుంది. మేము లోపలికి వెళ్తూ ఆమె కుర్చీ దాటేటప్పుడు ఆమె తల ఎత్తేవారు కాదు. ఒడిలో చేతులు రెండూ తెరిచి, మెల్లగా దోసిలిలా మూసేవారు. అంతే. కెమెరాలో చూసేవాళ్లకు అది చేతులు కలుపుకోవడంలా ఉండి ఉంటుంది. మాలో కొందరం బెంచీ కింద అదే చేసి చూపించేవాళ్లం. ఏడాది చివరిదాకా మాకూ మేడమ్‌కూ నడిచిన మాటలు అవే.

నాకు మెడిసిన్ సీటు రాలేదు. డిగ్రీలో తెలుగు తీసుకుంటానంటే ఇంట్లో గొడవయింది. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మేడమ్ స్కూటీ ఆగిపోయి, తోసుకుంటూ మా అబ్బా షెడ్డుకు వచ్చారు. అబ్బాది బస్టాండు అవతల బైకు మెకానిక్ షెడ్డు. నేను టీ ఇవ్వడానికి వెళ్లి ఆమెను చూశాను. మొహం పాలిపోయి, పాదాలు ఉబ్బి ఉన్నాయి.

“మీరన్నా చెప్పండి మేడమ్‌గారూ” అన్నాడు అబ్బా, స్కూటీ ప్లగ్గు తుడుస్తూ. “డాక్టరమ్మ అయిద్దని చదివిస్తే, తెలుగు చదువుతానంటంది. తెలుగు మాకు రాదా ఏంది? రోజూ దాంతోనేగా బండ్ల వాళ్లను తిట్టేది!”

మేడమ్ నవ్వబోయి దగ్గారు. “చదవనీ భాయ్. నాకు దొరకని మాట దీనికి దొరికింది.”

“మాటలు దొరికితే ఏమొస్తది మేడమ్?”

“నాలాగా అయిదో అంతస్తు వస్తది” అన్నారు. అబ్బాకు అర్థం కాలేదు. నాకు అయింది. నవ్వు రాలేదు.

స్కూటీ అయ్యేలోపు, అబ్బాకు వినపడకుండా ఆమె నాకొక సంగతి చెప్పారు. ఆ కాలేజీలోనే పనిచేసే వాళ్ల ఊరి మనిషెవరో ఆమె అమ్మ దగ్గరికెళ్లి, ‘నీ కూతురు పిల్లలకు తప్పు పాఠం చెప్పింది, అందుకే క్లాసుల్లోంచి తీసేశారు’ అని చెప్పాడట. అప్పటి నుంచి ఆ అమ్మ కూతుర్ని ఏమీ అడగదు, కాలేజీ మాటొస్తే లేచి వెళ్లిపోతుంది.

“చెప్పొచ్చుగా మేడమ్, తప్పు మీది కాదని?”

“ఎక్కడ మొదలుపెట్టను? మా అమ్మ సముద్రం చూడలా. చెబుదామని కూర్చుంటే ఆయాసం వస్తంది. నాకు ఊపిరున్నప్పుడు ఆవిడ చేలో ఉంటది.” ఉబ్బిన పాదాన్ని చెప్పులోకి సర్దుకుంటూ, “నన్ను ఎవరేమన్నా పర్లేదు. మా అమ్మ మటుకు నేను తప్పు చెప్పాననుకుంటా పోకూడదు” అన్నారు.

పోయింది అమ్మ కాదు. అందుకే సంతాప సభకు రమ్మని డీన్ సార్ ఫోన్ చేసినప్పుడు నేను వెంటనే వస్తానన్నాను. ఇంటర్‌లో నాకు వ్యాసరచనలో ప్రైజు రావడం ఆయనకు గుర్తుంది. “పాత స్టూడెంట్స్ తరఫున నువ్వు మాట్లాడమ్మా. రెండు ముక్కలు. డిసిప్లిన్, డెడికేషన్. అంతే. వాళ్ల మదర్ కూడా వస్తున్నారు” అన్నారు. ఆ చివరి మాట కోసమే నేను వెళ్లాను. ఆ అమ్మ వింటుండగా ఒక్క నిజం చెప్పాలి. మేడమ్ చెప్పింది తప్పు కాదు.

సభ కింది హాల్లో పెట్టారు. మొదటి సంవత్సరం పిల్లల్ని కూర్చోబెట్టారు. వాళ్లలో చాలామంది మేడమ్‌ను చూడనైనా చూడలేదు. ఒళ్లో మెటీరియల్ తెరిచే ఉంది. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీ అంచున ఒక పెద్దావిడ కూర్చుంది. సన్నటి మనిషి. మిరపకాయలు కోసి కోసి గోళ్ల చుట్టూ చర్మం ఎర్రగా పగిలి ఉంది. ఎవరో కప్పిన శాలువా భుజం మీంచి జారుతుంటే, దాన్ని ఏం చెయ్యాలో తెలియక ఒక చేత్తో పట్టుకుంది. మేడమ్ ముక్కే. చూడగానే తెలిసింది.

డీన్ సార్ బాగా మాట్లాడారు. గొంతు కూడా వణికింది. “మా మెటీరియల్‌ను అక్షరం పొల్లుపోకుండా పిల్లలకు అందించిన గొప్ప లెక్చరర్” అన్నారు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక పిల్లలు కొంచెం కొట్టి ఆపేశారు.

నన్ను పిలిచారు. మైకు దగ్గరికి వెళ్లాను. బెల్లంపాకం గురించి మొదలుపెట్టాను. పేలదువ్వెన అనగానే ముందు వరస పిల్లలు తలలెత్తారు. ఒకమ్మాయి పుస్తకం మూసింది. నాకు ధైర్యం వచ్చింది. నీళ్లు ఎందుకు పాకమవుతాయో చెప్పాను. పరీక్షలో బిట్టు వచ్చిందని చెప్పాను. “కీలో తప్పుంది. మా మేడమ్ ఆ తప్పు...” అంటున్నాను.

బెల్లు మోగింది.

ఎవరూ కావాలని మోగించలేదు. అది ఆ వేళకు తనంతట తాను మోగే బెల్లు. అది మోగితే లేవాలని ఆ పిల్లలకు అలవాటు చేశారు. హాలంతా ఒక్కసారిగా లేచింది. కుర్చీలు గీసుకున్న చప్పుడులో నా గొంతు నాకే వినపడలేదు. పుస్తకం మూసిన అమ్మాయి కూడా లేచింది, నా వైపు ఒకసారి చూసి వరసలో కలిసి వెళ్లిపోయింది. డీన్ సార్ నా భుజం తట్టి, “బాగా చెప్పావమ్మా” అన్నారు. వెక్కిరింపేమీ లేదు. ఆయన వినలేదు, అంతే. మైకు వైరు చుట్టేశారు. మేడమ్ ఫొటోను గోడకు ఆనించి, టేబుల్ తీసుకుపోయారు.

ఆ అమ్మ మాత్రం కూర్చునే ఉంది. నేను దగ్గరికెళ్తే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“తప్పు అన్నావు గదమ్మా, మా పాప ఏం తప్పు చేసింది? నువ్వన్నా చెప్పు. ఎవురూ చెప్పరు. అదీ చెప్పకుండానే పాయె.”

“తప్పు చెయ్యలా పెద్దమ్మా. మేడమ్ చెప్పిందే నిజం. పుస్తకంలో తప్పుంది.”

“అచ్చేసిన పుస్తకంలో తప్పుంటదా?”

“ఉంది పెద్దమ్మా.”

ఆమె నమ్మలేదు. నా మంచితనం కొద్దీ అంటున్నానని అనుకున్నట్టుంది. “నాకు చదువు లేదులే. చనిపోయినోళ్లను మంచిగానే చెప్తారు” అని శాలువా మడవడం మొదలుపెట్టింది. ఇంతకాలం మాటలే అన్నీ అనుకున్నదాన్ని, ఒక్క మాట కూడా ఆమెకు చేరేది నా దగ్గర లేదు.

చెయ్యి పట్టుకుని ఆమెను బయటికి తీసుకెళ్లాను. మెస్సు పక్కన పిల్లలు కంచాలు కడుక్కునే పొడవాటి నీళ్ల తొట్టి ఉంది. అడుగు రంధ్రం అన్నంతో పూడి, సగం దాకా నీళ్లు నిలిచి ఉన్నాయి. పైన మెతుకులు తేలుతున్నాయి.

“సముద్రంలో ఇంత పురుగు ఉంటది పెద్దమ్మా, నూకంత. అది నీళ్లలోంచి తిండి ఎట్టా తీసుకుంటదని పరీక్షలో అడిగారు. జల్లెడ పట్టిద్దని పుస్తకంలో ఉంది. మేడమ్ కాదంది. ఇట్టా తీసుకుంటదని చెప్పింది.” నీళ్లలోకి చేతులు పెట్టాను. ఒక మెతుకు నా వైపు వచ్చేదాకా వేళ్లు ఆడించాను. చేతులు తెరిచాను. మెతుకు నీళ్లతో కలిసి లోపలికి వచ్చింది. మూసి పైకెత్తాను. నీళ్లు కారిపోయాయి. “దోసిలి పడతది. మేడమ్ తన కళ్లతో చూసింది.”

ఆమె నా చేతుల వంక చూస్తూ నిలబడింది.

“ఇది చెప్పిందా?”

“ఇదే పెద్దమ్మా.”

“ఇంకేం చెప్పలా?”

“ఇంకేం లేదు.”

“దీనికా?” అంది. గొంతు పెద్దదైంది. “దీనికా మా పిల్లను అన్ని మెట్లు ఎక్కించింది? నూకంత పురుగు అన్నం తినే సంగతికా?”

మెస్సులోంచి ఎవరో తొంగిచూసి వెళ్లిపోయారు.

ఆమె శాలువా నా చేతిలో పెట్టి, జాకెట్టు చేతులు పైకి లాక్కుని, తొట్టి మీదికి వంగింది. కారానికి పగిలిన వేళ్లు నీళ్లలో పెట్టగానే మంటకు పళ్లు బిగబట్టింది. తీయలేదు. నేను చేసినట్టే వేళ్లు ఆడించింది. ఒక మెతుకు దగ్గరికి వచ్చి, పక్కకు పోయింది. మళ్లీ ఆడించింది. వచ్చింది. చేతులు తెరిచి మూసింది. నీళ్లు వేళ్ల సందుల్లోంచి కారి, మోచేతుల దాకా పాకి, తొట్టిలో పడ్డాయి. చివరి చుక్క దాకా ఆగింది.

అన్నీ కారిపోయాక కూడా ఆ దోసిలి విప్పలేదు.